పేటపోలి రేవులో ఐరోపా



చిన్నప్పుడు బడిలో మాస్టారు మాకు భూగోళం చెప్పేవారు. గోడకు ఐరోపా పటం తగిలించి బెత్తంతో ఒక్కో దేశం మీద తట్టేవారు. దేశం పేరు, ఆ దేశస్థుల పేరు మేం అరవాలి. హాలెండు మీద తట్టినప్పుడు ‘డచ్చివారు’ అన్నాం. ‘మీ ముత్తాతైతే వలందావాళ్ళు అనేవాడురా’ అన్నారాయన. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

మన నగరం ఊరి నుంచి సముద్రం వైపు వెళితే నిజాంపట్నం. పాత పేరు పెద్దపల్లి. తెల్లవాళ్ళ నోట అది పేటపోలి అయింది. వాళ్ళు మన ఊరి పేరు తిప్పేశారు, మనం వాళ్ళ జాతుల పేర్లు తిప్పేశాం. చెల్లుకు చెల్లు. ఇక్కడి చిరివేరు రంగుతో అద్దిన ఎర్రబట్టల కోసం 1606లోనే వలందులు కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషు కుంపిణీ ఓడ ‘గ్లోబు’ వచ్చింది. పులికాటులో వలందులు బేరం సాగనివ్వకపోతే ముందు పేటపోలిలో ఆగి, తర్వాత బందరు చేరింది. తమాషా ఏమంటే, ఆ ఓడలోని ముఖ్య వర్తకులు ఫ్లోరిస్, ఆంథూనిస్ ఇద్దరూ వలందులే! రేవులో నిలబడి చూసినవాడు వాళ్ళను ఏ దేశస్థులనుకున్నాడో!

పేర్ల సంగతి చూడండి. తీరంలో అప్పటి బేరసారాల భాష పోర్చుగీసు. పోర్చుగీసువాళ్ళు హాలెండును ‘ఒలాంద’ అంటారు, హకారం పలకదు. మన నోట ‘ఒ’ ఎప్పుడూ ‘వొ’యే కదా, వొలంద కాస్తా వలంద. ఫ్రాన్సు పరాసు. పోర్చుగీసువాళ్ళు బుడతకీచులు, ఆ మాటలో బుడతా కీచూ రెండూ ఎలా దూరాయో మన చెవినే అడగాలి. ఫ్రాంకులనే జాతి పేరు అరబ్బుల మీదుగా, పారశీకం మీదుగా నడిచొచ్చి పరంగి అయి, తెల్లతోలు ఉన్నవాళ్ళందరికీ అంటుకుంది. కొన్నిచోట్ల బొప్పాయి కూడా పరంగిపండే. ఓడెక్కి వచ్చిందల్లా మనకు సీమదే: సీమచింత అసలు పుట్టిల్లు మెక్సికో!

‘డచ్చి’ మాత్రం సరైన పేరా? అది జర్మన్లు తమను తాము చెప్పుకునే ‘డాయిచ్’కు తోబుట్టువు; ఇంగ్లీషువాళ్ళు పొరుగువాళ్ళకు తగిలించారు. హాలెండు కూడా ఆ దేశంలో ఒక భాగం పేరే. వాళ్ళ ప్రభుత్వమే 2020 నుంచి ‘నెదర్లాండ్స్’ అనమంటోంది.

మరి వలందులు మన నోటి నుంచి ఎప్పుడు పోయారు? 1759లో ఇంగ్లీషువాళ్ళు బందరు కోటను పరాసుల దగ్గర గుంజుకున్నారు. నిజాం సలాబత్ జంగ్ బందరుతో పాటు నిజాంపట్నం సర్కారునూ ఇంగ్లీషువాళ్ళకే రాసిచ్చాడు. తర్వాత బడులు వాళ్ళవి, పటాలు వాళ్ళవి. ఓడినవాళ్ళ పేర్లు కూడా గెలిచినవాళ్ళ నోటితోనే నేర్చుకున్నాం. బందరు పేటలు మాత్రం ఆ పాఠం వినలేదు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ అవే పేర్లతో ఉన్నాయి.

పిల్లలూ, రేపు సాంఘికశాస్త్రం పుస్తకంలో ‘డచ్చివారు’ అన్నచోట పక్కన ‘వలందులు’ అని రాసుకోండి. పెన్సిలుతోనే సుమా, వచ్చే ఏడు ఆ పుస్తకం ఇంకొకరికి ఇవ్వాలి.