మానిన పిమ్మట మొదటి మూడు దినములు



ఇది నా గురువుగారి పేర జరుగు స్మారకోపన్యాసము. వారి పాండిత్యమును, సేవను గూర్చి ముందు మాటలాడిన పెద్దలు చెప్పియున్నారు. దానికి నేను చేర్పదగినది లేదు. నేను మరువలేనిది ఒక్కటి కలదు. త్రాగుడు మానితినని వచ్చిన రోగిని చేతులు చాపుమని, ఆ వ్రేళ్లపై పలుచని కాగితమొకటి పరచి, అది అల్లలాడు తీరును వారు ఊపిరి బిగబట్టి చూచెడివారు. రోగి మాటకంటె ఆ కాగితపు వడకునే వారు నమ్మెడివారు. ఆ నమ్మకమునే నేడు మొగమాటము లేక వాదింపదలచితిని.

వ్యసనము పాపమా, రోగమా యను చర్చ 1784లో అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ మొదలుకొని 1960లో పరిశోధకుడు జెల్లినెక్ వరకు నడచినది; మీరెరిగినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమమును, 1993 నాటి సారా నిషేధమును, 1995 నాటి సంపూర్ణ నిషేధమును, 1997లో దాని సడలింపును మీకు చెప్పవలసిన పని లేదు. ఆ స్త్రీలకు చేతులు జోడించి ముందుకు పోవుచున్నాను.

నా తగవు ఒక్క అభిప్రాయముతోడనే. ‘గట్టిగా అనుకొన్నచో ఎవడైనను మానగలడు, మానకున్నచో గదిలో పెట్టి తాళము వేయుడు, నాలుగు దినములు అరచి దారికి వచ్చును’ అను మాట చదువుకొన్నవారి నోటను వినబడుచున్నది, నషాముక్తి, అనగా వ్యసనవిముక్తి, కేంద్రములని బోర్డులు కట్టిన కొన్ని ఇండ్లలో అదియే చికిత్సగా చలామణి యగుచున్నది. ఇది ప్రాణములు తీయు అభిప్రాయము. నల్లమందు, హెరాయిన్ హఠాత్తుగా మానినవాని బాధ దుర్భరమే గాని, సాధారణముగా ప్రాణాంతకము కాదు. మద్యమును, డైజిపామ్ వంటి నిద్రమందులును వేరు జాతివి. ఏండ్ల తరబడి వానిచే అణగియున్న నాడీమండలము, అవి ఒక్కసారిగా తొలగినంతనే పగ్గము తెగిన గుఱ్ఱమువలె చెలరేగును. మద్యము మానినవానికి మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. వానికే రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల సన్నిపాతము తలయెత్తవచ్చును. అపుడు రోగి లేని పురుగులను పక్కమీదినుండి ఏరును, గోడతో మాటలాడును, ఒడలు కాలిపోవును.

ఈ మూర్ఛలును సన్నిపాతమును పోషకాహారలోపము వలన కలుగునని ఒకప్పుడు వైద్యులే వాదించిరి. 1955లో హారిస్ ఇస్బెల్ బృందము అమెరికాలోని లెక్సింగ్టన్ నగరమున, సమ్మతించిన మాజీ మార్ఫిన్ వ్యసనపరులకు మంచి భోజనము పెట్టుచునే వారముల తరబడి మద్యమిచ్చి, హఠాత్తుగా ఆపి చూచినది. నేటి వైద్యనీతి అట్టి ప్రయోగమును అంగీకరింపదు, అంగీకరింపరాదు. కాని దీర్ఘకాలము త్రాగినవారిలో మూర్ఛలును సన్నిపాతమును చూపట్టుటచే, వానికి హేతువు మద్యము ఆగుటయే యని తేలినది. 1969లో కైమ్ బృందము 537 మంది రోగులపై జరిపిన పరీక్షలో డైజిపామ్ జాతి మందగు క్లోర్‌డయాజెపాక్సైడ్ పొందినవారికి ఈ ఉపద్రవములు మిక్కిలి అరుదైనవి. ఉత్తుత్తి బిళ్లలు పొందినవారికి ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చినవి. ఇంత జరిగిన పిమ్మటను సంకల్పమొక్కటి చాలునను వారు ఏ ఆధారముమీద అనుచున్నారు?

అంత దూరము పోనేల? 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము కల్తీ కల్లును అరికట్టినది. అందు కలిపెడివి డైజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ అను నిద్రమందులు; అరికట్టుట న్యాయమే. కాని కొలది దినములలోనే నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనులు వడకుచు, మూర్ఛిల్లుచు, పిచ్చిమాటలాడుచు వరుసగట్టిరి. చెట్టుకల్లే త్రాగుచున్నామని నమ్మి, నిద్రమందునకు బానిసలైన వారికి సంకల్పబోధ ఏమి చేయగలదు? తాము దేనిని మానుచున్నారో కూడ వారెరుగరు.

‘మత్తు మానిపించుటకు మత్తుమందే యిత్తురా’ అని నన్నడిగినవారు కలరు. ఇత్తుము, కొలిచి, కనిపెట్టి, దినదినమును తగ్గించి యిత్తుము. త్రాగుడు విషయమున అది ఇంచుమించు వారము దినముల పని. ఏండ్ల తరబడి నిద్రమందు మ్రింగినవానికి నెలలు పట్టవచ్చును. 1965లో డోల్, నైస్వాండర్ దంపతులు హెరాయిన్ రోగులకు నల్లమందు జాతిదే యగు మెథడోన్ ఇచ్చినపుడును ఈ ఆక్షేపణయే వచ్చినది. నేడు మన దేశమునందే ప్రభుత్వ కేంద్రములు అట్టి మందే యగు బ్యూప్రెనార్ఫిన్ ఇచ్చుచున్నవి.

మరియొకటి. నీరసించి పడియున్నవానికి గ్లూకోజు సెలైను ఎక్కించుటయే మహోపకారమని తలచు చిన్న ఆసుపత్రులు కలవు. ముందుగా థయామిన్ సూది, అనగా బి1 విటమిను, ఇయ్యక గ్లూకోజు ఎక్కించినచో, ఆ కొరతయందున్న మెదడు చెడి జ్ఞాపకశక్తి శాశ్వతముగా పోవచ్చును. ఆ సూది వెల స్వల్పము.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మద్యము త్రాగువారు దేశమున నూటికి 14.6 మంది, మన ఛత్తీస్‌గఢ్‌లో 35.6 మంది; దేశమంతట మద్యబానిసలైన 38 మందిలో ఒక్కడే ఏదో యొక చికిత్స పొందుచున్నాడు. 2017 నుండి ఈ రాష్ట్రమున మద్యము అమ్మునది ప్రభుత్వ కార్పొరేషను. అదే సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలని రుగ్మతలను మానసిక వ్యాధులలో చేర్చి, చికిత్సను హక్కుగా ప్రకటించినది. అంగడి తెరచిన చేయియే మంచమును చూపవలెను.

ఈ రాయ్‌పూర్ నగరమున డాక్టరు హిందీలో చెప్పినది, ఇంటికి వచ్చి తల్లికి తెలుగులో చెప్పుసరికి సగము జారిపోవుచున్నది. అందువలననే నేనిపుడు తెలుగులో ఒక చిన్న పుస్తకము వ్రాయుచున్నాను: దినమునకొక పుట, చేతివడకు, నిద్ర, మాట, జ్వరము ఎట్లు చూడవలెను, ఏది కనబడినంతనే బయలుదేరవలెను అనునవి అందుండును. మొదటి వారము గడచిన పిమ్మట నెలల తరబడి సాగవలసిన మందులకు, కౌన్సెలింగునకు, ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి కూటములకు చివరి భాగము కేటాయించితిని. మానిన తొలి దినములు కన్నులార చూచిన తల్లులారా, ఇల్లాండ్రారా, ఏ పూట ఏమి జరిగినదో నాకు చెప్పుడు, పేర్లు వేయను. ఈ లోపల మీ ఇంట ప్రతిదినము త్రాగువాడు హఠాత్తుగా మానినచో, తాళము వేయకుడు. అంబేడ్కర్ ఆసుపత్రికి గాని, ఎయిమ్స్‌కు గాని వెంటనే కొనిపొండు. సలహా కొరకు 14446 నంబరునకు ఫోను చేయుడు, ఖర్చు లేదు.