అద్దె తక్కువ – దారి ఎక్కువ
(అక్షరాలు నేర్చిన మహిళల కూటమిలో చేసిన ప్రసంగం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పట్నంలో అద్దె ఇల్లు వెతకడం కూడా అంత పనే. ఈ రోజు మాట దాని గురించే.

ఒక కుటుంబం ఉందనుకోండి. పాలమూరు జిల్లా నుంచి హైదరాబాదుకు వచ్చారు. భర్త రంగులు వేస్తాడు. రోజూ పొద్దున ఏడింటికి అమీర్‌పేటలో కూలీల అడ్డా మీద నిలబడాలి. భార్య అక్కడే నాలుగిళ్లలో పని చేస్తుంది. వాళ్లకు ఒక పాప. బడికి పోతుంది.

ఇల్లు మారాలి. రెండు ఇళ్లు చూశారు.

ఒకటి బోరబండలో. ఒకే గది. నీళ్లు రోజు విడిచి రోజు. అద్దె 6,500 రూపాయలు. అమీర్‌పేటకు అరగంట దారి.

రెండోది ఘట్‌కేసర్‌లో. రెండు గదులు, ముందు కొంచెం జాగా. ఊళ్లో ఉన్న అత్తను కూడా తెచ్చుకోవచ్చు. అద్దె 4,000 రూపాయలే.

"నెలకు 2,500 మిగులుతయి. అడ్వాన్సు ఇచ్చేద్దాం" అన్నాడు భర్త.

"అమీర్‌పేటకు ఎంతసేపు?" అని అడిగింది భార్య.

"గంట చాలమ్మా" అన్నాడు ఇల్లు చూపించిన బ్రోకరు. ఆయన వాళ్లను ఆదివారం మధ్యాహ్నం తీసుకుపోయాడు. ఆదివారం రోడ్డు ఖాళీ.

"నీకెట్లాగూ బస్సు టికెట్టు లేదు గదా! ఇగ ఖర్చేంది?" అన్నాడు భర్త.

నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. పని చేసుకునే ఆడవాళ్లకు ఇది పెద్ద ఆసరా. కానీ ఆమె వేరే సంగతి ఆలోచించింది.

"టికెట్టు లేదు, సరే. పోయే గంటలు ఎవలు తిరిగిస్తరు?" అంది.

సోమవారం పని అయ్యాక ఆమె నేరుగా ఘట్‌కేసర్ బయలుదేరింది. చేతిలో పాప పాత నోటుబుక్కు, పెన్సిలు. దారి పొడుగునా టైము రాసుకుంది. ఆమె తన అవసరానికి తానే రాసుకున్న మొదటి కాగితం అదే.

5–10 అమీర్‌పేట బస్టాపు.
5–30 బస్సు వచ్చింది.
6–20 ఉప్పల్‌లో దిగడం.
6–35 రెండో బస్సు.
7–20 ఘట్‌కేసర్.
7–35 నడిచి ఆ ఇల్లు.

అంటే రెండు గంటల 25 నిమిషాలు. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు పైవంతెన పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ఆ దారిన పోయేవాళ్లు అన్నేళ్లూ గుంతలతో, దుమ్ముతో అవస్థ పడ్డారు. ఇలాంటివి బ్రోకరు చెప్పడు. బస్సు ఎక్కితేనే తెలుస్తాయి.

మరునాడు తెల్లవారుజామున భర్త అటునుంచి వచ్చి చూశాడు. రోడ్డు ఖాళీగా ఉన్నా గంట 35 నిమిషాలు పట్టింది.

రాత్రి ఇద్దరూ కూర్చుని లెక్క వేశారు. ఆ లెక్క ఇది:

ఘట్‌కేసర్ నుంచి రానుపోను రోజుకు 4 గంటలు. బోరబండ నుంచి 1 గంట. తేడా 3 గంటలు. నెలకు 26 పని రోజులు. 26 మూళ్లు 78 గంటలు. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు, ఇంకో ఆరు గంటలు. నెలనెలా అంత కాలం బస్సులోనే పోతుంది.

ఇక డబ్బు లెక్క. భర్తకు టికెట్టు ఉంది. దూరం ఇంటికి రోజుకు 80 రూపాయలు, దగ్గర ఇంటికి 30 అనుకోండి. తేడా 50. నెలకు 1,300. అద్దెలో మిగిలే 2,500లో ఇది పోతే మిగిలేది 1,200. బస్సు ఆలస్యమై ఒక్క రోజు అడ్డా తప్పిందా, 900 కూలి పోతుంది. ఇక మిగిలేది 300.

పాప సంగతి? బడి నుంచి నాలుగింటికి వస్తుంది. అమ్మ వచ్చేది ఏడున్నరకు. మూడున్నర గంటలు ఒంటరిగా ఉండాలి. అత్త వస్తే ఆ బాధ లేదు. కానీ ఉన్న ఊరు విడిచి వస్తానని అత్త ఇంకా అనలేదు.

భర్త కాగితం రెండుసార్లు చదివాడు. "నేను అద్దె ఒక్కటే చూసిన" అన్నాడు.

వాళ్లు బోరబండ గది తీసుకున్నారు. అది ఇరుకే. నీళ్లు పట్టి దాచుకోవాలి. అత్తను ఇప్పుడే తెచ్చుకోలేరు. ఆ కష్టం తెలిసే తీసుకున్నారు.

అయితే అందరికీ దగ్గరి ఇల్లే మంచిదని కాదు. పోచారం వైపు పని దొరికినవాళ్లకు ఘట్‌కేసరే దగ్గర. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే రెండు గదులు కావాలి. ఎవరి లెక్క వారిది. కానీ లెక్కలో అద్దెతో పాటు దారి కూడా ఉండాలి. ఇంటి పని ఆడవాళ్ల మీదే పడే ఇళ్లలో, బస్సులో పోయిన గంటలు ఆమె నిద్రలోంచే పోతాయి. నాలుగున్నరకు లేచే మనిషి మూడింటికి లేవాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ సంగతులు చూసుకోండి:

1. పని రోజున, పనికి పోయే వేళకే ఒకసారి ఆ దారిన వెళ్లి రండి.
2. బస్టాపులో నిలబడే టైము, నడిచే టైము కూడా కలపండి.
3. మొదటి బస్సు, ఆఖరి బస్సు ఎప్పుడో అక్కడి ఆడవాళ్లను అడగండి.
4. రాత్రి బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో దీపాలు ఉన్నాయా?
5. వాన పడితే ఆ రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయా?
6. బడి, దవాఖాన, రేషను దుకాణం ఎంత దూరం?

అక్కలారా! టు–లెట్ బోర్డు ఇప్పుడు మీరే చదవగలరు. బస్సు మీద ఊరి పేరు చదవగలరు. గడియారం చూసి టైము రాయగలరు. ఇల్లు చూడటానికి మగవాళ్లు బయలుదేరితే వెంట మీరూ వెళ్లండి. కాగితం, పెన్సిలు మరచిపోకండి.

మాట్లాడుకోండి: మీ ఇంటి నుంచి పనికి రానుపోను ఎంతసేపు? నెలకు ఎన్ని గంటలు? లెక్క వేసి రాయండి.