బ్యాంకు రుసుములపై వ్యాజ్యము



బ్యాంకులో ధనము దాచుకొన్నవానికి బ్యాంకు వడ్డీ యిచ్చుట మనమందఱ మెఱిగినదే. దాచుకొన్నది చాలలేదని అతని సొమ్ములోనుండియే కొంత తీసికొనుటయు నీ కాలమున నున్నది. కనీసపు నిలువ తగ్గినందుకు జరిమానా యని దీనికి పేరు. పార్లమెంటులో ప్రభుత్వము చెప్పిన లెక్క ప్రకారము 2019-20 మొదలు 2023-24 వఱకు అయిదేండ్లలో ప్రభుత్వరంగపు బ్యాంకులు ఈ పద్దు క్రింద 8 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసినవి. స్టేట్ బ్యాంకు 2020లోనే దీనిని మానుకొన్నది. 2025లో మఱికొన్ని ప్రభుత్వ బ్యాంకులును మానినవి, అన్నియు మానలేదు. ఈ కోట్లు ఇచ్చుకొన్నవారు ధనవంతులు కారు. నిలువ తగ్గువాడు బీదవాడే గదా! నూఱు రూపాయలకై వాడు న్యాయస్థానమున కెక్కడను ధైర్యము మీదనే యీ వసూలు సాగినదని నా యభిప్రాయము.

ఎక్కినవారు లేకపోలేదు. ఇంగ్లండులో 2006, 2007 సంవత్సరములలో ఖాతాదారులు వేలకొలదిగా కౌంటీ కోర్టులలో చిన్న దావాలు వేసిరి. 5,000 పౌనుల లోపు తగవులను వకీలు లేకయే నడపుకొనుటకు అచ్చట వేఱొక పద్ధతి యుండెను. ఖాతాలో నున్నదానికి మించి వాడుకొన్నప్పుడు బ్యాంకులు వేసెడి రుసుము మిక్కిలి యధికమని వారి వాదము. పెక్కుమారులు బ్యాంకులు విచారణ దాక పోనీయక సొమ్ము తిరిగి యిచ్చివేసినవి. పిమ్మట 2007లో ఒక వ్యాజ్యమును అన్నిటికిని పరీక్షగా నడపిరి. 2009 నవంబరు 25వ తేదీన అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకులవైపున తీర్పు చెప్పెను. ఆ రుసుము బ్యాంకు చేయు సేవకు ధరలో భాగమనియు, సేవకు తగిన ధరయా కాదా యని ఆ నిబంధనలనుబట్టి విచారింప వీలులేదనియు ఆ తీర్పు సారాంశము. అంతటితో నిలిచియున్న దావాలలో చాలవఱకు నీరుగారిపోయినవి.

పరదేశపు కథ యేల యనెదరేమో. “రుసుము ఎక్కువ” యనుట వేఱు. “రుసుము వేయుటకు విధించిన నియమమును మీరు పాటింపలేదు” అనుట వేఱు. మొదటిదానికి బదులు చెప్పుట బ్యాంకునకు సులభము. రెండవదానికి కాగితము చూపవలసి యుండును.

మన దేశమున అట్టి నియమము గలదు. రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20వ తేదీన బ్యాంకులకు పంపిన ఆదేశము 2015 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నిలువ తగ్గినప్పుడు ఫోను సందేశము ద్వారా గాని ఉత్తరము ద్వారా గాని ఖాతాదారునకు ముందుగా తెలుపవలెను. తెలిపిన నాటినుండి నెల గడువీయవలెను. ఆ పిమ్మటనే జరిమానా. అదియు ఎంత తగ్గినదో దానికి దామాషాగా నుండవలెను గాని అందఱికిని ఒకే మొత్తము కారాదు. జరిమానా కారణముగా ఖాతా సున్నకు దిగువకు పోరాదు.

మా గ్రామమున కూలిపని చేసికొను నొక వితంతువు తన పాసుపుస్తకమును నా యొద్దకు తెచ్చినది. ఉండవలసిన నిలువ వేయి రూపాయలు, ఆమెకున్నది 740. మొదటి నెల 150 రూపాయల జరిమానా, దానిపై 27 రూపాయల పన్ను, వెరసి 177 కోయబడినది. నిలువ 563 అయ్యెను. రెండవ నెల మరల 177. ఇట్లు నాలుగు నెలలకు 708 పోయి 32 రూపాయలు మిగిలినవి. ఇందులో వింత చూడుడు. ఆమె ఒక్క పైస తీయలేదు. మొదటి జరిమానాయే రెండవ నెల లోటును పెంచినది. లోటు 260 అయినప్పుడును 791 అయినప్పుడును కోత మాత్రము అదే 177! దామాషా యనుమాట యేమైనట్లు?

బ్యాంకునకు పోయి యడుగగా, యంత్రమే కోసికొనుననియు, తమ చేతిలో లేదనియు బదులు వచ్చినది. నేను ఉత్తరము వ్రాసితిని. మాకు తర్కశాస్త్రమున నేర్పిన పంచావయవములు ఆనాడు పనికివచ్చినవి. ప్రతిజ్ఞ: 708 రూపాయలు నాకు తిరిగి రావలెను. హేతువు: తెలుపకయే కోసితిరి గనుక. ఉదాహరణము: తెలుపని కోత కూడదను రిజర్వు బ్యాంకు ఆదేశము, దాని తేదీ. ఉపనయము: నాకును సందేశము గాని ఉత్తరము గాని రాలేదు. నిగమనము: కావున తిరిగి యిండు. అంతే, అర పుట. బీదరికపు వర్ణన వలదని ఆమెతో చెప్పితిని. నకలుపై బ్యాంకువారి ముద్ర వేయించుకొంటిమి.

ముప్పది దినములు గడచినను బదులు లేదు. అప్పుడు రెండు దారులు గలవు. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనుట యొకటి. దానికి రుసుము లేదు, ప్రయాణము లేదు. సాధారణముగా నేనిదియే మేలందును. రెండవది జిల్లా వినియోగదారుల కమిషన్. ఒకే తగవును రెంటియందును ఒకేసారి నడపరాదు. ఆమె రెండవదానినే కోరినది. నలుగురి యెదుట అడుగవలెనని ఆమె పట్టుదల. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మనము కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వకీలు అక్కఱలేదు. సేవకు చెల్లించిన ప్రతిఫలము 5 లక్షలు మించనిచో రుసుమును లేదు. తగవు పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెను.

మూడు నెలలలో ముగింపవలెనని చట్టమున నున్నను మాకు ఎనిమిది నెలలు పట్టినది. అయిదుమారులు బస్సెక్కితిమి. బ్యాంకు వకీలు రెండు వాయిదాలు తీసికొనెను. తుదకు, “ఏడువందల రూపాయలకు ఇంత వ్యాజ్యమా?” యని నవ్వెను. ఆమె, “అది నాకు రెండు రోజుల కూలి బాబూ. మీకు అంత చిన్నదైతే నా దగ్గరే ఉంచవచ్చును గదా” అన్నది. సందేశము పంపిన దాఖలా చూపుడని కమిషన్‌వారు బ్యాంకు నడిగిరి. లేదు. 708 రూపాయలును, ఖర్చులకు మఱి రెండువేలును ఇయ్యవలెనని ఉత్తరువైనది.

అటుపిమ్మట అదే శాఖలో కోతపడిన పదునొకండుగురు ఉత్తరములు వ్రాసిరి. తొమ్మండుగురకు వ్యాజ్యము లేకయే సొమ్ము వచ్చినది. తక్కిన యిద్దఱికి సందేశము పంపినట్లు బ్యాంకు దాఖలా చూపినది, వారికి రాలేదు.

కనీసపు నిలువ అక్కఱలేని సాధారణ పొదుపు ఖాతాను కోరు హక్కు మనకు 2012 నుండియు నున్నది. అదే బ్యాంకులో వేఱొక పొదుపు ఖాతా యుండరాదు, అంతియే. ఈ సంగతి బ్యాంకువారు తామై చెప్పుట యరుదు. ఆమె ఖాతా నిప్పుడట్లు మార్పించితిమి. మీ యింటివారి పాసుపుస్తకములను మూడు నెలల కొకమారైన అచ్చువేయించి, కోత యున్నచో తేదీని వ్రాసియుంచుడు; ఫోను నెంబరు మారినప్పుడు బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలిపి నకలు దాచుకొనుడు.