గని అడుగున పొంచియున్న అపాయము — పటము చేయు మేలు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కామాఠీపుర మున్న చోటు ఒకప్పుడు పల్లపు నేల. 18వ శతాబ్దిలో మహాలక్ష్మి వద్ద కట్ట వేసి సముద్రజలమును ఆపిన పిమ్మటనే ఆ ప్రాంతము నివాసయోగ్యమైనది. ఈ నగరమునకు పునాదులు త్రవ్విన కామాఠీలు మన పెద్దలు. నేల స్వభావ మెరుగక త్రవ్వరాదని మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ మాట మన తెలంగాణపు బొగ్గుగనులకు మరింత వర్తించును.

1871లో భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. క్రమముగా గోదావరి లోయలో అనేక గనులు వెలసినవి. బొగ్గు తీసి విడిచిన ఖాళీలలో నీరు నిండుచుండును. ప్రక్కగనిలో పనిచేయు కార్మికునకు గోడ కావల నున్న ఆ నీరు కనబడదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపమునగల చాస్‌నాలా గనిలోనికి ఇట్టి నీరే విరుచుకుపడి 375 మందిని బలిగొన్నది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి.

ఈ అపాయములను ముందుగా గుర్తించుటకు నేడు కంప్యూటరుపై అనేక పటములను ఒకదానిపై నొకటి పరచి చూచు పద్ధతి కలదు. ఒకదానిలో పాత త్రవ్వకములు, మరొకదానిలో పొరలు విరిగి జారిన చోట్లు, వేరొకదానిలో పైనున్న వాగులు, చెరువులు చూపబడును. విడివిడిగా చూచినపుడు తోచని ముప్పు కలిపి చూచినపుడు బయటపడును. కప్పు బలమును నిర్ణయించుటకు పొరల మందము, పగుళ్లు, తడికి చెడు గుణము, శిల దారుఢ్యము, నీటి ఊట అను ఐదు విషయములకు మార్కులు వేసి, బలహీనమైన తావులను వేరు రంగుతో గుర్తింపవచ్చును.

పాత త్రవ్వకములకు 60 మీటర్ల లోపునకు అనుమతి లేనిదే పోరాదని మన దేశపు గని నిబంధన. కాని ఆ 60 మీటర్లను కొలుచునది పటముపైననే గదా! పాత సర్వే తప్పయిన కొలతయు తప్పే. ఆ తప్పును కంప్యూటరు దిద్దజాలదు. కావుననే ముందుకు సన్నని రంధ్రములు వేసి పరీక్షించుచు సాగవలెను. గోడకు క్రొత్తగా చెమ్మ పట్టినను, కప్పు బీటవారినను, మొదట చూచువాడు కార్మికుడే. అతని మాట ఆనాడే పటమున కెక్కవలెను.

మీ బంధువులలో గనిపని చేయువారుండిన ఒక్క విషయము చెప్పుడు: చూచినదానిని చెప్పుటకు జంకవలదు; చెప్పినది వ్రాసికొనిరో లేదో అడిగి తెలిసికొనుడు. ఆ వ్రాత తోడివారి ప్రాణములకు రక్ష.