హింస రక్తంలో ఉంటుందా?



పుదుచ్చేరిలో వైట్ టౌన్‌కు వెళ్తే, పాత పట్టణాన్ని రెండుగా విడదీసే కాలువ ఒకటి కనిపిస్తుంది. ఫ్రెంచివారి కాలంలో సముద్రం వైపు తెల్లవారి పేట, అవతల మనవారి పేట. ఎవరు ఎటు ఉండాలో చాలావరకు పుట్టుకే నిర్ణయించేది. నివాసం సరే, మనిషి నడవడిని కూడా పుట్టుకే నిర్ణయిస్తుందా?

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటుంది ఒక సామెత. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటుంది మరొకటి. మొదటిది జన్యువుల పక్షం, రెండవది పెంపకం పక్షం.

బ్రిటిష్ పాలకులు మొదటి సామెతనే చట్టం చేశారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవారిలో అనేకులను అందులో చేర్చారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. అక్కడివారు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. అంతకుముందు వీరిలో చాలామంది పశువులపై ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా అమ్మేవారు. రైళ్లు, ఉప్పు విధానాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. మారింది రక్తం కాదు, బతుకుదెరువు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ సంస్కరణ కృషి ప్రారంభించారు. చట్టం పోయినా ఊరి పేరు చెప్పగానే అనుమానంగా చూసే అలవాటు మాత్రం త్వరగా పోలేదు.

దొంగతనం వేరు, హింస వేరు. హింస విషయంలో జన్యువుల పాత్ర లేదనలేం. 1993లో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక కుటుంబంలో ఎం.ఎ.ఒ.ఎ. అనే జన్యువు పూర్తిగా పనిచేయని పురుషులలో ఆవేశపూరిత దౌర్జన్యం కనిపించింది. ఇది చాలా అరుదు. ఇదే జన్యువు చురుకు తక్కువగా ఉండే రూపం మాత్రం ఎందరిలోనో ఉంటుంది. 2002లో పరిశోధకులు న్యూజీలాండ్‌లో ఆ రూపం ఉన్న మగపిల్లలను పరిశీలించారు. బాల్యంలో హింసకు గురైనవారిలోనే దుష్ప్రవర్తన బాగా ఎక్కువైంది. తరువాతి అధ్యయనాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు. అయినా విత్తనంతోపాటు నేలనూ చూడాలన్న పాఠం నిలిచింది.

కనుక తగాదా పడిన తోటి విద్యార్థిని "వాళ్ల వంశమే అంత" అనకండి. అతని ఇంట్లో ఏం జరుగుతోందో అడగండి. జన్యువును మనం మార్చలేం. పిల్లవాడిపై పడే దెబ్బను ఆపగలం.