విస్తట్లో వూరి పేరు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ హోటలు భోజనం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మహిళల కార్యక్రమంలో వంటలు చెప్పడం మామూలే గాని, హోటల్లో తినడం గురించి చెప్పడమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని ఒక్కమాట ఆలోచించండి. ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ వండి, అందరికీ వడ్డించి, ఆఖర్న గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి, ఎప్పుడో ఒకనాడు ఎవరో వండి వేడివేడిగా తెచ్చి ముందు పెడితే, దాన్ని తీరిగ్గా, రుచి తెలుసుకుంటూ తినడంలో సిగ్గుపడవలసింది ఏముందీ? వండటం ఆడవాళ్ల వంతు, మెచ్చుకోవడమో వంకపెట్టడమో మగవాళ్ల వంతు అని ఏ శాస్త్రంలోనూ రాసిపెట్టి లేదు కదా!

అయితే రుచి తెలియడం అంటే ఉప్పు చాలిందా, కారం ఎక్కువైందా అని చెప్పడం మాత్రమే కాదు. మనం చీర కొనడానికి వెళ్తే ఏం చేస్తాం? ముందు అంచు పట్టుకు చూస్తాం. "ఇది వెంకటగిరిదా, గద్వాలదా, పోచంపల్లిదా?" అని అడుగుతాం. చేనేతా, మర మీద నేసిందా అని అడుగుతాం. కొట్టువాడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోబోతే, మళ్ళీ తిరగేసి చూస్తాం. మనలాంటివాళ్లు తరతరాలుగా అలా అడగబట్టే ఆ వూళ్ల పేర్లు ఇంకా నిలిచాయి. మరి అదే మనం హోటల్లో కూర్చుని చీర వెలలో సగం బిల్లు చెల్లించి వచ్చినా, "ఈ కాఫీ ఎక్కడిది, ఈ బెల్లం ఎవరిది?" అని ఒక్కసారైనా అడగం. విస్తట్లో వూరి పేరు మనకు అక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మంచి హోటలు తిండిలో సగం రుచి వంటింట్లోకి రాకముందే తయారవుతుంది. ఆ సగం ఎవరి చేతిదో తెలిస్తే మన ఆనందం రెట్టింపు అవుతుంది, వాళ్ల పనీ నిలుస్తుంది.

ముందు కాఫీతోనే మొదలుపెడదాం. అరకు పేరు వినని తెలుగువాళ్లు లేరు. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల మీద, సముద్రమట్టానికి ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. పెద్ద పెద్ద ఎస్టేట్లు కావవి, గిరిజన కుటుంబాల చిన్న చిన్న తోటలు. చలికాలంలో పండ్లు ఎర్రబడతాయి. కాని ఒక గుత్తిలో వున్నవన్నీ ఒకేసారి పండవు. పచ్చివి కలిస్తే కాఫీ వగరు, మురిగినవి కలిస్తే పులుపు వాసన. అంచేత ఎర్రగా పండినవాటినే ఏరి, చేత్తో కోయాలి. ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావాలి. తరవాత తొక్కు తీసి, జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. ఇంతా చేస్తే సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు తేలతాయి. ఇందులో ఆడవాళ్ల చేతులు పడని అంచె లేదు.

ఈ గింజల్ని కొనే బాధ్యత గిరిజన సహకార సంస్థకు వుంది. ఆ సంస్థ 1956లో ఏర్పడింది. 2017లో అరకు పేరుతోనే పారిస్ నగరంలో ఒక కాఫీ దుకాణం వెలిసింది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు ఆ కొండల కాఫీకి తప్ప మరొకదానికి పెట్టకూడదన్నమాట. పారిస్ దాకా వెళ్లి కూర్చున్న పేరు మన బస్టాండు పక్క హోటల్లోకి రావడానికి ఎందుకు మొహమాటపడాలి? మనం అడగం గనుక. "స్ట్రాంగుగా ఒక కాఫీ" అంటాం, అంతే. ఆ స్ట్రాంగు చాలాచోట్ల చికోరీది, కాఫీది కాదు. చికోరీ కలిపిన కాఫీ చెడ్డదని నేననను. చాలామందికి అలవాటైన రుచే అది. కాని ఒక్కసారి, చికోరీ కలపకుండా, తాజాగా వేయించి పొడికొట్టిన అరకు గింజల డికాక్షన్ తాగి చూడండి. పాలు కాస్త తగ్గించండి. ఆ పరిమళం నోటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది.

కాఫీ అయింది, ఇక తీపి. పెద్ద హోటళ్లలో ఇప్పుడు భోజనం చివర పూతరేకు తెచ్చిపెడుతున్నారు. కోనసీమ జిల్లా ఆత్రేయపురం దీనికి పుట్టినిల్లు. మనం నేతిని మెచ్చుకుంటాం, బెల్లాన్ని మెచ్చుకుంటాం, జీడిపప్పుని మెచ్చుకుంటాం. అసలు మెచ్చుకోవలసింది ఆ రేకుని. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లలాగా పలచన చేస్తారు. గుండ్రని కుండని బోర్లించి, కింద ఎండుకొబ్బరాకులతో మంట పెడతారు. పలచని గుడ్డ ఆ పిండినీళ్లలో ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. కన్నుమూసి తెరిచేలోగా కాగితంకన్నా పలచని పొర లేస్తుంది. మంట కొంచెం ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. దీనికి కొలతా లేదు, గడియారమూ లేదు. చేతికి తెలియాలి. ఆ పొగలో, ఆ సెగలో గంటల తరబడి కూర్చుని రేకులు తీసేవాళ్లు ఆడవాళ్లే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని ఇక్కడొక చిక్కుంది, గమనించండి. చాలామంది ఇంటి దగ్గర రేకులు తీసి కట్టలుగా అమ్ముతారు. వాటిని కొని, నెయ్యీ బెల్లమూ వేసి చుట్టి, పెట్టెల్లో పెట్టి అమ్మేది దుకాణాలవాళ్లు. పెట్టె మీద దుకాణం పేరు వుంటుంది. హోటల్లో ఆ పేరూ వుండదు, మెనూ కార్డు మీద హోటలు పెట్టిన కొత్త ఇంగ్లీషు పేరు వుంటుంది. వూరికి గుర్తింపు వచ్చినంత మాత్రాన రేకు తీసిన చేతికి కూలి పెరగదు. తల్లికి గిట్టుబాటు కాని పని కూతురు నేర్చుకోదు. నేర్చుకోమని మనం చెప్పే హక్కూ లేదు. ఆ చెయ్యి ఒక తరం ఆగిపోయిందంటే, ఎంత నెయ్యి పోసినా మళ్ళీ ఆ రేకు రాదు.

తాగేవాటిలో మరొకటి చెబుతాను. నీరా. తాటిచెట్టునుంచో ఈతచెట్టునుంచో తీసే పులియని తీపినీరు. దీన్ని కల్లుతో కలిపి చూసి మొహం చిట్లించకండి. సూర్యోదయానికి ముందే గీత కార్మికుడు నడుముకు మోకు తగిలించుకుని, చెట్టెక్కి లొట్టి దింపాలి. ఎండెక్కితే పులుపెక్కి కల్లవుతుంది. అంచేత పూర్వం లొట్టి లోపల సున్నం పూసేవారు. ఇప్పుడైతే చెట్టు దిగిన వెంటనే చల్లబరిచి వుంచుతారు. ఇంత తొందరగా మారిపోయే సరుకు దూరాన్నించి రాలేదు. దగ్గర చెట్టుది, దగ్గర మనిషిది అయితేనే తాగగలం. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం నీరా కెఫే తెరిచింది. పిల్లల్ని తీసుకుని కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని తాగే పానీయంగా దానికి ఒక మర్యాద వచ్చింది. చెట్టెక్కడమంటే ప్రాణానికి తెగించడమే. ఆ గ్లాసు పట్టుకున్నప్పుడు అది గుర్తుంటే చాలు.

ఇక కాలం సంగతి. పులస పేరు చెప్పగానే గోదావరి జిల్లాలవాళ్ల కళ్లు మెరుస్తాయి. సముద్రంలో వున్నప్పుడు అది ఇలస. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు, ఆ ప్రవాహానికి ఎదురీది పైకి వస్తే పులస. పుస్తెలు అమ్మైనా పులస తినాలని సామెత. ఎవరి పుస్తెలో ఆ సామెత కట్టినవాడు చెప్పలేదు! అదలా వుంచండి. పులస దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే. మరి ఎండాకాలంలో కూడా ఏ హోటలువారైనా "తాజా పులస" అని బోర్డు పెడితే, అది ఎక్కడిదని అడగాలా వద్దా? వేరేచోటి ఇలస పులస పేరుతో అమ్ముడుపోతూనే వుంది. దానివల్ల మన డబ్బు పోవడం ఒకటి, పడవలో రాత్రంతా వలవేసి కూర్చున్న మనిషి సరుకుకు విలువ పోవడం రెండోది. ఏ కాలానికి ఆ తిండి అని మన పెద్దలు వూరికే అనలేదు. పనసకాయ కూరకు ఒక కాలం, బంగినపల్లికి ఒక కాలం. మెనూ కార్డు పన్నెండు నెలలూ మారని హోటల్లో కాలానికి చోటు లేదన్నమాట.

హోటలువారి పక్షాన కూడా ఒకమాట చెప్పాలి. వారికి రోజూ ఒకే లెక్కన సరుకు రావాలి. ఇవాళ యాభైమందికి, రేపు ఇద్దరికి అంటే కుదరదు. ఒంటరిగా చేసుకునే చిన్న మనిషి అంత సరుకు రోజూ ఇవ్వలేదు. దీనికి విరుగుడు నలుగురు కలవడమే. ఒకప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాదు దగ్గర, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని పేద మహిళల సంఘాలు కలిసి జొన్నలు, కొర్రలు, సామలు మొదలైన పాత పంటల్ని మళ్ళీ నిలబెట్టాయి. ఆ ధాన్యాల వంటకాలతో జహీరాబాదులో ఒక హోటలు కూడా నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సొసైటీకి వచ్చింది. ఆ తరవాత 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. ఒకప్పుడు బీదవాళ్ల తిండి అని పక్కకు తోసిన జొన్నరొట్టె ఇప్పుడు ఏసీ గదుల్లో వెండిరంగు పళ్లెంలో వస్తున్నది. రానివ్వండి, మంచిదే. దాని వెంట అది పండించినవాళ్ల పేరు కూడా రావాలంటున్నాను.

ఆ మధ్య ఒక పట్టణంలో మేము నలుగురం ఆడవాళ్లం ఒక హోటలుకు వెళ్లాం. చేత్తో తట్టిన జొన్నరొట్టె, చింతచిగురు పప్పు తెచ్చిపెట్టారు. ఎంతో బాగున్నాయి. "బాబూ, ఈ జొన్నలు ఎక్కడివి?" అని సర్వరు కుర్రాణ్ణి అడిగాను. "సంచిలోవమ్మా" అన్నాడు! మేము నవ్వుతుంటే యజమానే వచ్చాడు. పక్కవూరి రైతులే తెస్తారని, రొట్టెలు తట్టే ఆవిడదీ ఆ వూరేనని చెప్పాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా, అడుగుతారని కూడా అనుకోలేదు" అన్నాడు. ఆవిణ్ణి పిలిపించాడు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. రొట్టె బాగుందని మేము చెప్తే, "వేడిగున్నప్పుడే తినున్రి, సల్లారితే గట్టిపడ్తది" అని చెప్పి వెళ్లిపోయింది. అంత చక్కని సలహా ఏ మెనూ కార్డులో వుంటుంది చెప్పండి?

అలాగని దగ్గరిదల్లా మంచిదే, దూరందల్లా చెడ్డదే అనుకోవద్దు. పక్కవూరి నెయ్యిలోనూ కల్తీ వుండవచ్చు. శుభ్రత లేని పానీయం ఏ చెట్టుదైనా వద్దనే చెప్పాలి. కాని దగ్గరిదాంట్లో ఒక సౌకర్యం వుంది. చేసిన మనిషిని చూడగలం, అడగగలం, బాగులేకపోతే మొహం మీద చెప్పగలం.

అంచేత ఈసారి హోటలుకు వెళ్లినప్పుడు కొన్ని పనులు చేసి చూడండి. కూర్చోగానే, "ఈ కాలంలో మీ వూళ్లో దొరికేది ఏముంది?" అని అడగండి. వూరి పేరు పెట్టి వంటకం అమ్ముతుంటే, నిజంగా ఆ వూరిదేనా అని నవ్వుతూనే అడగండి. పది రకాలు తెప్పించి సగం వదిలెయ్యడంకన్నా, రెండు మంచి రకాలు తెప్పించి తృప్తిగా తినండి. బాగుంటే "బాగుంది" అని వూరుకోకుండా, ఏది బాగుందో పేరుపెట్టి చెప్పండి. మీ పేటలో పచ్చళ్లో, వడియాలో, సున్నుండలో చేసి అమ్ముకునే మహిళా సంఘం వుంటే, ఆ సంఘంవారికి ఒకమాట చెప్పండి. హోటలుకు సరుకు ఇచ్చేటప్పుడు ధరతో పాటు, తమ పేరు కార్డు మీద వెయ్యాలని కూడా అడగమనండి. పేరు వుంటే రేపు బేరం చెయ్యడానికి బలం వుంటుంది. పేరు లేని సరుకును ఎవరైనా ఎవరి దగ్గరైనా కొంటారు.

ఇంట్లో మనం వండింది తిని, ఎవరు వండారో కూడా తలుచుకోకుండా చెయ్యి కడుక్కుని లేచిపోతే మనసుకు ఎలా వుంటుందో మనకు తెలుసు. ఆ కష్టం తెలిసినవాళ్లం గనుక, మరొకరి చేతివంట తినేటప్పుడు ముందుగా అడగవలసింది మనమే.

సెలవు.