అలిగిన కుమారుడు – అడవికి నడచిన తల్లిదండ్రులు



అనంతుడనగా ఆదిశేషుడు. తిరుమల ఆ శేషుని పడగయనియు, అహోబిలము నడుమభాగమనియు, శ్రీశైలము తోకయనియు మన పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. అందుచేత కోదాడకు చేరువనున్న ఈ అనంతగిరిలో కూర్చుండి శ్రీశైల మల్లికార్జునుని కథ చెప్పుకొనుట ఎంతయు తగియున్నది. అయితే ఈనాడు మేము చెప్పదలచినది క్షేత్రమహిమ మాత్రమే కాదు. అలిగి ఇల్లు విడిచిన కుమారుని కొరకు తల్లిదండ్రులు కొండకోనలు పట్టి వెళ్ళిన వృత్తాంతము.

ఇది మన ఇండ్లకు దూరమైన విషయము కాదు. పొలము పంపకము వలన, ఇష్టము లేని వివాహము వలన, ఒక్క పరుషవాక్యము వలన తండ్రీకొడుకులు ఏండ్ల తరబడి పలుకరించుకొనని ఇండ్లు ఏ గ్రామమునందైనను కలవు. కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండును. తల్లి చాటుగా ఫోనులో మాటలాడును. తండ్రి ప్రక్క గదిలో కూర్చుండి చెవియొగ్గి వినుచునే యుండును. కాని ఫోను చేతికి తీసికొనడు. వాడే ముందు మాట్లాడవలెనని తండ్రి, ఆయనే పిలువవలెనని కుమారుడు. ఇట్లు ఏండ్లు గడచిపోవును. ఆయుర్దాయము మాత్రము ఎవరి పంతము కొరకును ఆగదు.

శివపురాణములోని కథను చిత్తగింపుడు. కుమారస్వామి భూప్రదక్షిణము చేసి కైలాసమునకు తిరిగి వచ్చుసరికి, తల్లిదండ్రులకే ప్రదక్షిణము చేసిన గణపతికి వివాహము జరిగిపోయియుండెను. నారదుని వలన ఆ వార్త విని, తల్లిదండ్రులకు నమస్కరించి, వారు వారించుచున్నను వినక క్రౌంచపర్వతమునకు వెళ్ళిపోయెను. పెండ్లి జరుగలేదన్నది పైకి కనిపించు కారణము. అంత భూమి చుట్టి వచ్చిన తన శ్రమ లెక్కకు రాలేదన్నది లోపలి బాధ. అలిగిన బిడ్డల హృదయములలో తరచుగా ఉండునది ఈ బాధయే. అయినను వెళ్ళుచు వెళ్ళుచు అతడు నమస్కారము మానలేదు సుమా! తెంచుకొని పోవుచున్నట్లున్న బిడ్డలోను ఆ దారము మిగిలియుండును.

పార్వతీదేవి పుత్రవియోగముతో తపించినది. పరమేశ్వరుడు దేవతలను, ఋషులను రాయబారమంపెను. కుమారుడు రాలేదు. అప్పుడు ఆదిదంపతులు తామే బయలుదేరిరి. వారు వచ్చుచున్నారని తెలిసి అతడు మరి మూడు యోజనములు దూరము జరిగెను. వారు అచటనే జ్యోతిర్లింగ రూపమున నిలిచిపోయిరి. ప్రతి అమావాస్యకు తండ్రియు, ప్రతి పౌర్ణమికి తల్లియు కుమారుని చూచి వచ్చుచుందురని పురాణము చెప్పుచున్నది.

ఇందులో మూడు విషయములు గమనింపదగియున్నవి. మధ్యవర్తుల వలన కాని పని కొరకు తల్లిదండ్రులు స్వయముగా కదలిరి. లోకములనేలు వాడు పుత్రుని పిలిపించుకొనలేక కాదు. ప్రేమ ఆజ్ఞ వలన లభించునది కాదు గనుక. రెండవది, కుమారుడు దూరము జరిగినప్పుడు వారు వెంటబడి తరుమలేదు, కోపించి కైలాసమునకు మరలిపోలేదు. అతడు తలచుకొన్ననాడు వచ్చుటకు వీలగు చోట నిలిచిరి. మూడవది, పర్వము తప్పక చూచి వచ్చిరి. అలిగిన బిడ్డ విషయమున చేయదగినది ఇంతయే: వెళ్ళుట, ఆగుట, మరల వెళ్ళుచుండుట.

ఇక బిడ్డల వంతు. మన తెలుగునాట ఎక్కువగా అధ్యయనము చేయు తైత్తిరీయ శాఖలోని బ్రాహ్మణభాగమున నచికేతుని ఉపాఖ్యానము కలదు. కోపావేశమున తండ్రి అతనిని మృత్యువునకు ఇచ్చితిననెను. యముని ఇంట మూడు రాత్రులు ఉపవసించిన ఆ బాలుడు మూడు వరములు పొందెను. మొదటి వరము, సజీవుడనై తండ్రి కడకు మరలిపోవలెననుట. కఠోపనిషత్తు దీనిని మరింత విప్పి చెప్పినది: తండ్రి మనస్సు శాంతించవలెను, కోపము పోవలెను, తిరిగి వచ్చిన తనను గుర్తించి పలుకరింపవలెను. ఆత్మవిద్యను అడుగుట మూడవ వరమున! ముందు తండ్రి పలుకరింపు, తరువాత బ్రహ్మజ్ఞానము. పలుకరింపు ఎంత పెద్ద వరమో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇచట ఒక సందేహము రావచ్చును. ఎట్టి తండ్రి కడకైనను బిడ్డ తిరిగి పోవలసినదేనా? వేదము అట్లు చెప్పలేదు. ఐతరేయ బ్రాహ్మణమున అజీగర్తుడు నూరు గోవులకు కుమారుడగు శునఃశేపుని అమ్మెను. మరి నూరింటికి యూపమునకు కట్టెను, ఇంకొక నూరింటికి వధింపబూనెను. దేవతలు విడిపించిన పిమ్మట ఆ తండ్రి రమ్మని పిలిచినను శునఃశేపుడు వెళ్ళలేదు. విశ్వామిత్రునికి పుత్రుడై దేవరాతుడయ్యెను. శ్రుతి అతనిని నిందింపలేదు. కనుక బిడ్డ శరీరమునకు, ప్రాణమునకు కీడు తలపెట్టిన వారి విషయము వేరు. మేము చెప్పుచున్నది పంతము వలన పెరిగిన దూరమును గూర్చి మాత్రమే.

ఈ దూరము తగ్గుటకు మన పూర్వులు ఏర్పరచిన సాధనములలో కాలినడక యాత్ర యొకటి. ఆత్మకూరు చేరువలోని వెంకటాపురము నుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారము చేరు నల్లమల బాటలో నేటికిని శివరాత్రికి, ఉగాదికి భక్తులు నడచుచున్నారు. శ్రీశైలమునకు 14వ శతాబ్దమున సోపానములు కట్టించిన పుణ్యము రెడ్డిరాజగు ప్రోలయ వేమారెడ్డిది. ఇటు అమ్రాబాదు అడవిలోని సలేశ్వరమునకు చైత్రపౌర్ణమి వేళ జనులు లోయలోనికి దిగి, చెంచులు అర్చించు లింగమయ్యను దర్శింతురు. ఇవి పులులు తిరుగు అరణ్యములు గనుక అటవీశాఖవారు అనుమతించిన దినములలోనే, గుంపుగా వెళ్ళవలెను.

ఆ బాటలో ఒక తండ్రి, మాటలు లేని అతని కుమారుడు నడచుచున్నారనుకొనుడు. ఇంటిలో ఎదురెదురుగా కూర్చున్నచో పాత లెక్కలే పైకి వచ్చును. ఇరుకు బాటలో ఒకరి వెనుక ఒకరు పోవుదురు గనుక మొగములు చూచుకొనవలసిన ఇబ్బంది లేదు. ముందు పోవు కుమారుడు వెనుక అడుగుల చప్పుడు వినబడనప్పుడు తనకు తెలియకయే ఆగును. "నీళ్ళున్నవా నాయనా?" అని తండ్రి అడుగును. "ఉన్నవి నాన్నా, ముందు మీరు త్రాగండి" అని కుమారుడనును. ఏండ్ల తరువాత మొదటి మాట అదియే. అందులో పొలము లేదు, పంపకము లేదు. భీమునికొలను మెట్ల కడ తండ్రి భుజము మీది మూట కుమారుని భుజము మీదికి మారును. ఒకప్పుడు ఆ కుమారుని జాతరకు మోసినది తండ్రి భుజమే గదా! క్షమాపణలు చెప్పుకొనుట చేతగాని వారికి భగవంతుడు ఈ మూటనిచ్చెను.

శ్రీశైలము వరకు పోలేనివారు చింతింపనక్కరలేదు. అచట పాతాళగంగయని పిలువబడు కృష్ణమ్మయే క్రిందికి వచ్చి వాడపల్లిలో మూసీని కలుపుకొని, మట్టపల్లి నరసింహస్వామి పాదముల చెంత ప్రవహించుచున్నది. వచ్చు పున్నమికి మీ బిడ్డను అచటికి రమ్మని పిలువుడు. రానిచో మరుసటి పున్నమికి పిలువుడు. బిడ్డలారా, తండ్రి పిలుపు కొరకు వేచియుండక మీరే ముందు పిలిచినచో నచికేతుని మొదటి వరము మీదగును. మొదటి దినము పాత విషయమెత్తవలదు. స్నానము చేసి, దర్శనము చేసికొని, ఒక్క విస్తరి చెంత కూర్చుండి ప్రసాదము తినుడు. అది చాలును. మిగిలినది మల్లికార్జునుడు చూచుకొనును. బిడ్డ కొరకు కైలాసము విడిచి వచ్చినవాడు గనుక ఆ బాధ ఆయనకు తెలియును.

శుభం భూయాత్.